పచ్చిక కోత

ఇళ్ల ముంగిళ్లలో, పార్కుల్లో, ఆటస్థలాల్లో పెంచే గడ్డిని ఒక నిర్ణీత ఎత్తులో ఉంచడానికి దాని కొనలను మళ్లీ మళ్లీ తీసివేయడమే పచ్చిక కోత. వాడుకలో దీన్ని లాన్ కొట్టడం, గడ్డి కత్తిరించడం అంటారు. పంట కోతకూ దీనికీ పోలిక పేరు వరకే. పంట కోతతో మొక్క జీవితం ముగుస్తుంది. పచ్చిక మాత్రం కోత పడిన మర్నాటి నుంచే ఆకును పొడిగించుకుంటూ, వానాకాలంలో వారం తిరగకుండానే మరో కోతకు సిద్ధం కావాలి. ఇన్నిసార్లు ఆకు పోగొట్టుకుంటూ కూడా మొక్క ఆరోగ్యంగా నిలబడాలంటే ఎంత ఎత్తులో కోస్తున్నారు, ఎన్నాళ్లకొకసారి కోస్తున్నారు, కత్తి పదును ఎలా ఉంది అన్న మూడూ చూసుకోవాలి. లాన్‌లో కనిపించే ఎండు మచ్చలకు, కలుపుకు, తెగుళ్లకు నీటినీ ఎరువునూ నిందించడం మామూలు. కారణం వెతుకుతూ పోతే చాలాసార్లు బయటపడేది మరీ కిందికి దిగిన కత్తే.

గడ్డి మళ్లీ ఎలా లేస్తుంది

చాలా మొక్కలకు పెరిగే భాగం కొమ్మల కొసన ఉంటుంది. దాన్ని తుంచితే ఆ కొమ్మ అక్కడితో ఆగిపోతుంది. గడ్డి జాతి మొక్కల్లో, పూత కొచ్చేదాకా, మొవ్వు నేలను అంటిపెట్టుకుని దుబ్బు మొదట్లో దాగి ఉంటుంది. ఆకు కూడా కొస నుంచి కాక అడుగు నుంచి పొడవు పెరుగుతుంది. అంటే పైకి కనిపించే కొన ఆ ఆకులోకెల్లా ముసలి భాగం. కత్తి ఆ కొనను తీసేస్తే కింద నుంచి లేత భాగం పైకి జరుగుతూ వస్తుంది. పశువులు మేసిన బీడు నాలుగు వానలు పడగానే మళ్లీ పచ్చబడటానికి కారణం ఇదే. గడ్డి జాతులూ మేసే జంతువులూ లక్షల ఏళ్లుగా ఒకదానికొకటి అలవాటుపడుతూ వచ్చాయి. కోత యంత్రం చేసేది ఆ మేత పనే.

మితంగా కోస్తే గడ్డికి మేలు కూడా జరుగుతుంది. పైఆకు తొలగినప్పుడు వెలుతురు దుబ్బు మొదటి దాకా చేరి, అక్కడున్న మొగ్గలు పిలకలుగా లేస్తాయి. గరిక వంటి పాకుడు గడ్డిలో కణుపు కణుపుకూ కొత్త మోసులు వస్తాయి. పలచగా నాటిన గడ్డి కొన్ని నెలల్లో తివాచీలా అల్లుకోవడం వెనుక నీరూ ఎరువూ ఎంత ఉన్నాయో వరుస తప్పని కోత కూడా అంత ఉంది. నిటారుగా పెరిగే వెడల్పాకు కలుపు మొక్కలకు ఈ సౌకర్యం లేదు. తల తెగిన ప్రతిసారీ అవి కుంగిపోతాయి. వయ్యారిభామను పూత రాకముందే వరసగా కోస్తూ పోతే అది విత్తనం కట్టలేదు.

కోతకు ఎంత శక్తి ఉందో చార్లెస్ డార్విన్ తన తోటలోనే గమనించాడు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న కోత పచ్చిక మడిలో 20 జాతుల మొక్కలుండగా, కోత ఆపి దాన్ని స్వేచ్ఛగా పెరగనిచ్చాడు. బలమైన మొక్కలు కమ్ముకోవడంతో 9 జాతులు నశించాయి. 1859లో వెలువడిన జాతుల ఉత్పత్తి గ్రంథంలో ఈ సంగతి రాశాడు. ఏ మొక్క బతకాలో ఏది పోవాలో కోత నిర్ణయిస్తుందని ఆ చిన్న మడి చూపించింది. అదే సూత్రం ఇంటి లాన్‌లోనూ పనిచేస్తుంది. కత్తి గడ్డికి అనుకూలమైన ఎత్తులో ఉన్నంతకాలం గడ్డిది పైచేయి. అంతకంటే దిగితే నేలబారు కలుపుది పైచేయి అవుతుంది. నానబాలు, పులిచింత, గడ్డిచేమంతి, అత్తిపత్తి వంటివి నేలకు కరుచుకుని కత్తి కిందుగా తప్పించుకుంటాయి. గడ్డి పలచబడి నేల కనిపించిన చోటల్లా అవే ఆక్రమిస్తాయి. తుంగ కథ వేరు. దాని బలమంతా నేలలోని గడ్డల్లో ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లు కోసినా చావదు. దాన్ని గడ్డలతో సహా తవ్వి తీయాల్సిందే.

ఆకుకూ వేరుకూ ఉన్న లెక్క

పచ్చిక ఆరోగ్యమంతా కంటికి కనిపించని సగంలో, అంటే వేళ్లలో ఉంది. వేరుకు తిండి ఆకు నుంచే వస్తుంది. ఎండలో ఆకు తయారుచేసిన పిండిపదార్థాల్లో కొంత ఆనాటి పెరుగుదలకు ఖర్చవుతుంది, కొంత వేళ్లకు పోతుంది, మిగిలింది దుబ్బు మొదట్లో, పాకుడు కాండంలో నిల్వ ఉంటుంది. కోత పడగానే మొక్క తొలి ప్రయత్నం పోయిన ఆకును తిరిగి తెచ్చుకోవడం. తీసిన ఆకు కొద్దిగానే అయితే మిగిలిన ఆకు ఆ ఖర్చు భరిస్తుంది. ఎక్కువైతే మొక్క నిల్వలు తోడుకుంటుంది, వేళ్లకు పంపే తిండి ఆపేస్తుంది.

అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఫ్రాంక్లిన్ క్రైడర్ ఈ విషయాన్ని ప్రయోగాలతో నిరూపించి 1955లో ప్రచురించాడు. వేర్వేరు గడ్డి జాతుల ఆకును వేర్వేరు పాళ్లలో కత్తిరించి వేళ్ల పెరుగుదలను కొలిచాడు. ఆకులో సగమో అంతకంటే ఎక్కువో ఒక్కసారి తీసేస్తే వేళ్ల పెరుగుదల రోజుల తరబడి నిలిచిపోయింది. తీసిన పాలు పెరిగినకొద్దీ ఆ స్తంభన కూడా పెరిగింది. సగం దాకా వెళ్లకుండా కొంత జాగ్రత్త మిగుల్చుకుని, ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకూడదన్న నియమం స్థిరపడింది. ప్రపంచమంతటా లాన్ పెంపకంలో మొదట నేర్పేది ఈ నియమమే.

దీని నుంచి కోతల మధ్య ఎడం దానంతటదే తేలుతుంది. ఉంచదలచిన ఎత్తుకు ఒకటిన్నర రెట్లు పెరగగానే కోయాలి. లాన్ 3 సెంటీమీటర్లు ఉండాలనుకుంటే గడ్డి 4.5 సెంటీమీటర్లకు చేరినప్పుడు కోత పడాలి. 6 సెంటీమీటర్లు ఉండాలనుకుంటే 9 దాకా ఆగవచ్చు. ఎంత పొట్టిగా ఉంచితే అంత తరచుగా కోయాల్సి వస్తుంది. ఇందుకు భిన్నంగా, పొట్టిగా కోసేస్తే చాలా రోజులు మళ్లీ ముట్టుకోనక్కర్లేదన్న నమ్మకంతో నేల కనిపించేదాకా కత్తి దించడం ఇళ్లలోనూ ఆఫీసుల ఆవరణల్లోనూ తరచుగా జరుగుతుంది. పచ్చికకు దీనంత చేటు మరొకటి లేదు. క్యాలెండర్ చూసి ఆదివారం ఆదివారం కోసే పద్ధతి కూడా సరిపోదు. జోరువానల వారంలో గడ్డి పెరిగే పెరుగుదల వేరు, బెట్ట వారంలో పెరుగుదల వేరు. కోత రోజును నిర్ణయించాల్సింది గడ్డి ఎత్తే.

వానాకాలంలో ఊరెళ్లి పది రోజులకు తిరిగొచ్చేసరికి గడ్డి బాగా పెరిగిపోయి ఉండటం మామూలే. అప్పుడు ఒక్క దెబ్బతో పాత ఎత్తుకు తేకూడదు. 9 సెంటీమీటర్లకు పెరిగిన గడ్డిని మొదట 6 దాకా కోసి, మూడు నాలుగు రోజులాగి 4.5 దాకా, మరి నాలుగు రోజులకు 3 దాకా దించుకురావాలి. పొడవుగా పెరిగిన గడ్డిలో కింది భాగం నీడలో ఉండి ఆకు లేక పాలిపోయి ఉంటుంది. ఒక్కసారిగా దాన్ని ఎండకు విప్పితే లాన్ గోధుమ రంగుకు తిరిగి ఎండినట్టు కనిపించడానికి కారణం అదే.

నీటి విషయంలో ఈ లెక్క మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పొట్టి గడ్డికి వేరు కూడా పొట్టే. నేల పైపొర ఆరగానే అది వాడిపోతుంది. ఎత్తుగా ఉంచిన గడ్డి ఆకుల ద్వారా కాస్త ఎక్కువ నీరు ఆవిరి చేసే మాట నిజమే. కానీ దాని వేళ్లు లోతుకు దిగి అడుగున మిగిలిన తేమను అందుకుంటాయి, ఆకుల నీడ నేలను చల్లగా ఉంచుతుంది. 100 చదరపు మీటర్ల లాన్‌కు 5 మిల్లీమీటర్ల నీరు పెట్టాలంటే 500 లీటర్లు కావాలి. బోరు నీటితో, ట్యాంకరు నీటితో లాన్ బతికించుకునే ఇళ్లలో రోజూ పైపైన తడిపే అవసరం తగ్గి, లోతుగా తడిపి రెండు మూడు రోజులు ఆగగలిగితే అది పెద్ద పొదుపు. ఆ వీలు కల్పించేది కత్తి ఎత్తు.

ఏ గడ్డికి ఎంత ఎత్తు

పచ్చిక గడ్డులు రెండు రకాలు. ఉష్ణకాలపు గడ్డులు 27 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతాయి. శీతల ప్రాంతాల గడ్డులకు 15 నుంచి 24 డిగ్రీలు అనుకూలం. తెలుగు రాష్ట్రాల లాన్‌లన్నీ దాదాపు మొదటి రకానివే.

వాటిలో మొదట చెప్పుకోవలసింది గరిక. శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. సంస్కృతంలో దూర్వ. వినాయక చవితి పూజకు వాడే 21 పత్రిలో ఇదీ ఒకటి. ప్రపంచ లాన్ వ్యాపారంలో దీనికి బెర్ముడా గ్రాస్ అని పేరు. నేల మీద పాకే కాండం, నేల లోపల పాకే కాండం రెండూ ఉండటం వల్ల తొక్కుడుకూ కోతకూ బాగా తట్టుకుంటుంది. నీడ మాత్రం సరిపడదు. మామూలు గరికను 2.5 నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచడం మంచిది. సన్నాకు సంకర రకాలను అంతకంటే పొట్టిగా కోయవచ్చు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ రూపొందించిన సంకర గరిక టిఫ్‌వే 1960లో విడుదలై గోల్ఫ్ మైదానాలకూ ఆటస్థలాలకూ దేశదేశాల్లో వ్యాపించింది. టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇళ్ల ముందు కోసే లాన్ చాలాచోట్ల ఈ గరికే. చవితి పూజకు దూర్వ కోసం అక్కడ దూరం వెళ్లనక్కర్లేదు, మందులు కొట్టని లాన్ అయితే చాలు.

నర్సరీల్లో మెక్సికన్ గడ్డి, కొరియన్ గడ్డి అనే పేర్లతో దొరికేవాటిలో చాలావరకు జోయిసియా జాతులు. వీటి పుట్టిల్లు తూర్పు, ఆగ్నేయ ఆసియా ప్రాంతాలు. మెక్సికోతో సంబంధం లేదు. వ్యాపార నామాలు ఊరూరికీ మారతాయి కనుక పేరు కంటే ఆకు వెడల్పు, పాకే తీరు చూసి ఎత్తు నిర్ణయించుకోవడం మేలు. కడియం నర్సరీల నుంచి పలకలుగా కోసి లారీల్లో వచ్చే పచ్చిక కొనేటప్పుడు అక్కడ దాన్ని ఎంత ఎత్తులో కోస్తూ వచ్చారో అడిగి తెలుసుకుంటే మొదటి నెలల్లో తప్పు జరగదు. జోయిసియా మెల్లగా పెరుగుతుంది, ఆకు గట్టిది, కత్తి పదును తొందరగా పోగొడుతుంది. 2.5 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉంచాలి. బాగా సన్నాకు ఉన్న కొరియన్ రకాన్ని కోయకుండా వదిలితే మెత్తటి గుట్టల్లా లేస్తుంది. జపనీయ తరహా తోటల్లో ఆ అందం కోసమే అలా వదులుతారు.

చెట్ల నీడన పెంచే వెడల్పాకు గడ్డులకు ఎత్తు ఎక్కువ కావాలి. ఆక్సోనోపస్ జాతి కార్పెట్ గడ్డిని 4 నుంచి 5 సెంటీమీటర్ల వద్ద, సెయింట్ అగస్టీన్ గడ్డిని 6 నుంచి 10 సెంటీమీటర్ల వద్ద ఉంచుతారు. ఏ జాతి అయినా నీడలో ఉన్న భాగాన్ని ఎండలో ఉన్న భాగం కంటే సెంటీమీటరో రెండో ఎత్తుగా కోయాలి. అందే వెలుతురే తక్కువ, దాన్ని పట్టే ఆకును కూడా తగ్గిస్తే మొక్కకు బతుకుదెరువు ఉండదు.

న్యూజెర్సీ వంటి చలి రాష్ట్రాల్లోనూ బ్రిటన్‌లోనూ పెరిగే కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూ, రైగ్రాస్ శీతల రకాలు. ఇళ్ల దగ్గర మొదటి రెండింటినీ 6.5 నుంచి 9 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచుతారు. గరికకు అలవాటుపడిన చేయి అక్కడికి వెళ్లి అదే ఎత్తులో కోస్తే ఆ గడ్డి వేసవి దాటదు.

ఆటస్థలాల ఎత్తులు ఈ లెక్కకు లోబడవు. గోల్ఫ్ బంతిని గుంతలోకి కొట్టే గ్రీన్ మీద గడ్డి సుమారు 3 మిల్లీమీటర్లే. వింబుల్డన్ టెన్నిస్ కోర్టుల్లో 2001 నుంచి పూర్తిగా రైగ్రాస్ వాడుతూ పోటీల సమయంలో 8 మిల్లీమీటర్ల వద్ద ఉంచుతున్నారు. ఇవి టీవీలో చూసి ఇంటి లాన్‌ను అలా కోయాలనుకోవడం పొరపాటు. ఆ ఎత్తుకు తగిన జాతిని ఎంచి, ఇసుక పొరలతో నేల కట్టి, రోజూ కోసి, నీటినీ పోషకాలనూ కొలిచి అందించే సిబ్బంది ఉంటేనే అది సాధ్యం.

రుతువులతో మారే కోత

తెలుగు నేల మీద తొలకరితో గడ్డి లేస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా పెరుగుదల ముమ్మరం. గరిక లాన్‌కు ఈ రోజుల్లో అయిదు నుంచి ఏడు రోజులకొక కోత అవసరం. కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు ఆ ఊపును నవంబరు దాకా సాగనిస్తాయి. డిసెంబరు, జనవరి చలిలో పెరుగుదల మందగించి పదిహేను ఇరవై రోజులకొక కోత సరిపోతుంది. ఆదిలాబాద్ వంటి చలి ఎక్కువున్న చోట్ల గరిక రంగు తగ్గుతుంది. అది చావు కాదు, నిద్ర. ఆ సమయంలో పొట్టిగా కోసి, ఎరువు వేసి లేపాలని చూడకూడదు.

ఎండాకాలంలో నీరు సరిపడా ఉంటే ఎత్తును అరంగుళం పెంచి కోత కొనసాగించవచ్చు. నీరు లేకపోతే కోత మానేయాలి. వాడిన గడ్డి మీద నడిచినా యంత్రం నడిపినా చక్రాల జాడల్లో ఆకు నలిగి చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి పాకి పాకి మెత్తటి పరుపులా తయారైన లాన్‌ను తొలకరికి ముందు బాగా కిందికి గీకి, ఇనుప దంతెతో దువ్వి, చివికిన పశువుల ఎరువూ ఎర్రమట్టీ కలిపి పలచగా పరిచే పద్ధతి దేశీయ ఉద్యాన శాస్త్ర పాఠాల్లో ఉంది. ఇది మూడో వంతు నియమానికి తెలిసి చేసే మినహాయింపు. కాండపు నిల్వలు దండిగా ఉన్న గరిక వంటి గడ్డికే, వాన ముందున్నప్పుడే, ఏడాదికి ఒక్కసారే తగుతుంది.

కొత్తగా నాటిన లాన్‌కు తొలి కోత తొందరపడకూడదు. గడ్డిని గుప్పిట పట్టి మెల్లగా లాగితే నేల నుంచి ఊడిరాకుండా నిలవాలి. పలకలు పరిచిన చోట రెండు మూడు వారాల్లో ఈ పట్టు వస్తుంది. పిలకలు నాటిన చోట అంతకంటే ఆలస్యం. తొలి రెండు మూడు కోతల్లో పైపైన కొనలు మాత్రమే తీస్తే పిలకలు వేసి త్వరగా అల్లుకుంటుంది.

పనిముట్లు

యంత్రం రాకముందు యూరప్‌లో పచ్చికను పొడవాటి కొడవళ్లతో కోసేవారు, లేదా గొర్రెలను వదిలేవారు. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ ప్రాంతపు స్ట్రౌడ్ పట్టణం ఉన్ని బట్టల మిల్లులకు పేరు. నేసిన బట్ట మీద లేచే నూగును సమంగా కత్తిరించే యంత్రం ఆ మిల్లుల్లో ఉండేది. దాన్ని చూసిన ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంజనీరుకు అదే పని గడ్డి మీద చేయించవచ్చన్న ఆలోచన వచ్చి 1830లో పేటెంటు పొందాడు. జాన్ ఫెరాబీ భాగస్వామిగా తయారీ మొదలైంది. రెండేళ్లకు రాన్సమ్స్ సంస్థ అనుమతి తీసుకుని తయారుచేయసాగింది. పెట్రోలుతో నడిచే యంత్రాన్ని 1902లో మార్కెట్లోకి తెచ్చినదీ ఆ సంస్థే. పెద్ద యంత్రాలకు గుర్రాలను కట్టేవారు. భారతదేశంలో ఆ పని ఎడ్లు చేశాయి. తాజ్‌మహల్ తోటల్లో కోత యంత్రాన్ని లాగిన ఎడ్ల జత సందర్శకులు ఫొటోలు తీసుకునే దృశ్యం.

బడ్డింగ్ యంత్రపు సూత్రం నేటి రీలు మూవర్లలో అలాగే ఉంది. మెలితిరిగిన కత్తుల పీపా తిరుగుతూ, కింద కదలకుండా ఉన్న కత్తితో కలిసి కత్తెరలా గడ్డిని తెంపుతుంది. కోత నున్నగా వస్తుంది. 4 సెంటీమీటర్ల లోపు ఎత్తుకు, సమంగా ఉన్న నేలకు ఇది శ్రేష్ఠం. గడ్డి ఎక్కువ పెరిగి ఉంటే మాత్రం కత్తుల్లోకి రాకుండా వంగిపోతుంది. రోటరీ మూవరులో ఒకే కత్తి నేలకు సమాంతరంగా అతివేగంగా తిరుగుతూ గడ్డిని కొట్టి తెంపుతుంది. ఎత్తుపల్లాలున్న నేలకు, కాస్త పెరిగిన గడ్డికి ఇది అనుకూలం, పదును పెట్టుకోవడమూ తేలిక. 2.5 సెంటీమీటర్ల కంటే దించితే మిట్టల దగ్గర గుండు కొట్టినట్టు గీకేస్తుంది.

బ్రష్ కట్టర్ పొలం గట్లకు, రోడ్ల పక్క తుప్పలకు వచ్చిన పనిముట్టు. దానితో లాన్ కోయడం తెలుగు ఊళ్లలో బాగా పెరిగింది. చేతి ఊపులో ఎత్తు నిలకడగా ఉండదు, నైలాన్ తాడు ఆకును తెంపదు, చీరుతుంది. చెట్టు మొదలు చుట్టూ ఈ తాడు తగిలి బెరడు లేస్తే ఆకుల నుంచి వేళ్లకు తిండి మోసే పొర తెగుతుంది. చుట్టూతా తెగితే చెట్టే చచ్చిపోతుంది. చెట్ల మొదళ్ల చుట్టూ అడుగు వెడల్పున గడ్డి లేకుండా ఎండాకు పరిస్తే ఆ ప్రమాదం ఉండదు. అంచులు సరిచేయడానికి చేతి కత్తెర, కొడవలి ఇప్పటికీ నమ్మకమైనవి. పెద్ద పార్కుల్లో వరుసగా గొంతుకూర్చుని చిన్న కొడవళ్లతో గడ్డి కోసే ఆడవాళ్ల చేతి కొలత యంత్రానికి తీసిపోదు. వాళ్లు మిట్టను మిట్టగా, పల్లాన్ని పల్లంగా చూసి కోస్తారు. ఆ నేర్పుకు దక్కే గుర్తింపూ కూలీ చాలా తక్కువ.

ఇప్పుడు బ్యాటరీ యంత్రాలు, మరమనిషి యంత్రాలు వస్తున్నాయి. తనంతట తిరుగుతూ రోజూ కొద్దికొద్దిగా కోసే మరమనిషి యంత్రం మూడో వంతు నియమాన్ని ఎప్పుడూ దాటదు. ఆ మేరకు గడ్డికి మంచిదే. రాత్రిళ్లు నడిపితే చిన్న జంతువులు గాయపడుతున్నాయన్న ఆందోళన యూరప్‌లో ఉంది.

పదును

మొద్దుబారిన కత్తి లాన్‌కు చేసే కీడు కోసిన రెండో రోజు తెలుస్తుంది. దూరం నుంచి చూస్తే పచ్చిక మీద బూడిద రంగు తెర కప్పినట్టు ఉంటుంది. దగ్గరగా ఒక ఆకు తీసి చూస్తే కొన పీచులుగా చీలి ఎండి ఉంటుంది. చీలిన గాయం నుంచి నీరు ఎక్కువ పోతుంది, శిలీంధ్రాలు లోపలికి చేరడం తేలిక. పదునైన కత్తితో కోసిన ఆకు కొన గీత గీసినట్టు ఉండి త్వరగా మానుతుంది.

రోటరీ కత్తిని సుమారు పది గంటల వాడకానికి ఒకసారి సాన పట్టాలి. దుమ్మూ ఇసుకా ఎక్కువున్న చోట ఇంకా ముందే. కత్తి విప్పేముందు పెట్రోలు యంత్రానికి స్పార్క్ ప్లగ్ తీగ, కరెంటు యంత్రానికి ప్లగ్గు, బ్యాటరీ యంత్రానికి బ్యాటరీ తప్పక తీసేయాలి. అసలున్న వాలునే అనుసరించి ఆకురాయితో రుద్దాలి. తరవాత మధ్య రంధ్రంతో కత్తిని మేకుకు తగిలించి చూడాలి. ఒక పక్క వాలితే ఆ పక్క బరువు ఎక్కువున్నట్టు. అక్కడ ఇంకాస్త రుద్ది సమం చేయకపోతే యంత్రం అదిరి ఇరుసు పాడవుతుంది. రీలు మూవరు పదునును కాగితపు ముక్కతో పరీక్షిస్తారు. రెండు కత్తుల మధ్య పెట్టి చేత్తో మెల్లగా తిప్పితే కాగితం ఆ చివర నుంచి ఈ చివర దాకా శుభ్రంగా తెగాలి.

కోసే తీరు

కోతకు ముందు లాన్ అంతా ఒకసారి నడిచి రాళ్లు, తీగముక్కలు, కొమ్మలు ఏరేయాలి. రోటరీ కత్తి విసిరిన గులకరాయి కన్ను పోగొట్టగలదు. మూసిన బూట్లు, కళ్లద్దాలు వేసుకోవాలి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. కరెంటు యంత్రమైతే, కరెంటు లీకయితే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న ప్లగ్గు నుంచే నడపాలి, వైరు భుజం మీదుగా వెనక ఉండేలా చూసుకోవాలి. పెట్రోలు వేడి ఇంజనులో పోయకూడదు.

యంత్రం మీదున్న ఎత్తు అంకెలను నమ్మలేం. చదునైన సిమెంటు గచ్చు మీద, ప్లగ్గు తీసిపెట్టి, గచ్చు నుంచి కత్తి అంచు దాకా స్కేలుతో కొలవాలి. మెత్తటి లాన్‌లో చక్రాలు కాస్త దిగుతాయి కాబట్టి అసలు కోత దానికంటే తక్కువ ఎత్తులోనే పడుతుంది.

గడ్డి పొడిగా ఉండాలి. తడి గడ్డి వంగిపోయి ఎగుడుదిగుడుగా తెగుతుంది, ముద్దలు కట్టి కింది ఆకును ఊపిరాడనివ్వదు. తడి చక్రాలతో శిలీంధ్ర తెగుళ్లు ఒక మూల నుంచి మరో మూలకు పాకుతాయి. అన్నిటికంటే పెద్ద నష్టం నేలకు. నానిన నల్లరేగడి మీద యంత్రం నడిస్తే మట్టి అదిమిపోయి వేళ్లకు గాలి అందదు. మంచు ఆరిన తరవాత ఉదయమో, ఎండ చల్లబడ్డాక సాయంత్రమో కోతకు మంచి వేళ. నడి ఎండలో కోసిన లాన్‌కు కోత దెబ్బకు తోడు ఎండదెబ్బ కూడా తగులుతుంది. వానాకాలంలో పొడి గంటలు దొరకనప్పుడు కత్తిని కాస్త పైకెత్తి తేలికగా కోయడం, పది రోజులు ఆగి గట్టిగా కోయడం కంటే నయం.

ముందు అంచుల వెంట రెండు చుట్లు తిరిగి, యంత్రం మళ్లడానికి చోటు చేసుకుని, తరవాత వరుసలుగా పోవాలి. వరుసకూ వరుసకూ మధ్య నాలుగు వేళ్ల మేర పైన పడేలా నడిస్తే మధ్యలో జుట్టులా గీతలు మిగలవు. ఈసారి తూర్పు పడమరలుగా కోస్తే వచ్చేసారి ఉత్తర దక్షిణాలుగా, ఆపైన మూలలుగా కోయాలి. ఒకే దిశలో కోస్తుంటే గడ్డి అటే ఒరిగి పెరుగుతుంది, చక్రాలు ఒకే దారిలో నడిచి గాళ్లు పడతాయి. క్రికెట్ మైదానాల్లో కనిపించే లేత, ముదురు పట్టీలు రెండు రకాల గడ్డి కావు. కోత యంత్రపు రోలరు ఒత్తిడికి అవతలికి వంగిన ఆకు వెలుగును ఎక్కువ ప్రతిఫలించి లేతగా, ఇవతలికి వంగినది ముదురుగా కనిపిస్తాయి. వాలు నేల మీద నెట్టే యంత్రాన్ని వాలుకు అడ్డంగా నడపాలి, కూర్చుని నడిపే యంత్రాన్ని మాత్రం పైకీ కిందికీ నడపాలి.

కోసిన గడ్డి

మూడో వంతు నియమం ప్రకారం కోసినప్పుడు పడేవి చిన్న తునకలే. వాటిని ఏరి పారేయక్కర్లేదు. వాటిలో ఎనభై శాతానికి పైగా నీరే. మిగిలిన పొడి పదార్థంలో నత్రజని 3 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. తునకలు ఆకుల సందుల్లోంచి జారి నేల చేరి కొద్ది వారాల్లో చివికిపోతాయి. ఇలా వదిలేస్తే లాన్‌కు ఏడాదిలో కావలసిన నత్రజనిలో సుమారు నాలుగో వంతు తిరిగి అందుతుంది. ఎత్తి చెత్తబండికి వేయడమంటే ఎరువును వీధిలో పోయడమే.

ఈ తునకలే గడ్డి మొదట్లో పీచు పొరగా పేరుకుంటాయన్న భయం చాలామందికి ఉంది. ఆ పొర ప్రధానంగా తొందరగా చివకని కాండాలతో, వేళ్లతో తయారవుతుంది. ఆకు తునకల వాటా స్వల్పం. పొర సెంటీమీటరు పైగా మందమెక్కితే నీరు దిగదు, అప్పుడు దంతెతో దువ్వి తీయాలి. కోత ఆలస్యమై తునకలు ముద్దలుగా పడినా, గడ్డికి తెగులు ఉన్నా, కలుపు విత్తనం కట్టి ఉన్నా ఎత్తేయడమే మంచిది. ఎత్తిన గడ్డిని ఎండాకుతో కలిపి కంపోస్టు చేయవచ్చు. ఒక్క పచ్చిగడ్డినే కుప్ప వేస్తే గాలి ఆడక కుళ్లి వాసన కొడుతుంది. పశువులకు వేసేట్టయితే కోసిన వెంటనే, మందులు చల్లని లాన్‌ది మాత్రమే వేయాలి. గుర్రాలకు యంత్రపు కోత గడ్డి వేయకూడదు. సన్నగా తెగి త్వరగా పులిసే ఆ గడ్డి వాటికి ప్రాణాంతకమైన కడుపునొప్పి తెస్తుంది.

కోయకపోవడం

ఆవరణంతా ఒకే ఎత్తులో కోసి ఉంచాలన్న పట్టు ఈమధ్య సడలుతోంది. బ్రిటన్‌లో ప్లాంట్‌లైఫ్ సంస్థ 2019లో మొదలుపెట్టిన ఉద్యమం మే నెలంతా కోత ఆపి, పచ్చికలోని పూలను తేనెటీగలకు వదలమని కోరుతుంది. అమెరికాలో అనేక పట్టణాలు గడ్డి ఎత్తు మీద పరిమితి పెట్టి, దాటితే జరిమానా వేస్తాయి కనుక అక్కడ అంత తేలిక కాదు. కాలిఫోర్నియా మరో వైపు నుంచి వచ్చింది. పొగ తగ్గించడానికి చిన్న పెట్రోలు ఇంజన్లతో నడిచే కొత్త తోట యంత్రాల అమ్మకాన్ని 2024 నుంచి నిలిపివేసింది. నీటి కొరత ఉన్న తెలుగు పట్టణాల్లో కూర్చునే మేరకు, పిల్లలు ఆడుకునే మేరకు మాత్రమే లాన్ ఉంచి, మిగతా చోట కోత అక్కరలేని మొక్కలు వేయడం తెలివైన పని. ఉంచుకున్న ఆ కొద్ది లాన్‌ను సరిగ్గా చూసుకునే తీరికా దొరుకుతుంది.

గుండు కొట్టిన పచ్చికను కోలుకునేలా చేయడం

నేల కనిపించేదాకా కోసేసిన లాన్‌కు వెంటనే యూరియా చల్లడం సాధారణంగా జరిగే రెండో పొరపాటు. ఆకు లేని మొక్కను నత్రజని బలవంతంగా పెరగమంటుంది. ఉన్న కొద్ది నిల్వలూ దానికి ఖర్చయి వేరు ఇంకా బలహీనపడుతుంది. మొదట కావలసింది నీరు. వేళ్లు ఉన్న లోతు వరకే, తడి ఆరకుండా, వారం పది రోజులు ఇవ్వాలి. ఆ భాగం మీద నడక ఆపాలి. కొత్త ఆకు మామూలు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దాటేదాకా కత్తి ముట్టించకూడదు. ఆకు పచ్చబడ్డాక పలచగా చివికిన ఎరువు చల్లి, తరవాతి రెండు మూడు కోతలు మామూలు కంటే ఎత్తులో చేయాలి. వెచ్చని వానాకాలపు రోజుల్లో గరిక కణుపుల నుంచి కొన్ని వారాల్లో నేలను మళ్లీ కప్పేస్తుంది. జోయిసియాకు నెలలు పడుతుంది. నెల దాటినా కణుపులు చిగిర్చని మచ్చల్లో గడ్డి చచ్చినట్టే లెక్క. అక్కడ మట్టి గుల్లచేసి, అదే లాన్ అంచుల నుంచి తీసిన పిలకలు నాటాలి.